ఈరీ సరస్సు దీవుల పాము: జాతా, ఉపజాతా, ప్రత్యేకంగా పేరే అక్కర్లేదా?

అమెరికా, కెనడాల మధ్య ఉన్న ఈరీ సరస్సు పడమటి భాగంలో సున్నపురాయి దీవులు కొన్ని ఉన్నాయి. ఆ ఒడ్డు రాళ్ల మీద ఎండకి పడుకునే నీటిపాము చాలావరకు ఒకే బూడిద రంగులో ఉంటుంది. సరస్సు చుట్టూ ఉన్న ప్రధాన భూభాగంలో అదే నీటిపాముకి ఒళ్లంతా ముదురు పట్టీలు. ఈ తేడా చూసే 1937లో కొనాంట్, క్లే అనే శాస్త్రవేత్తలు దీవుల పాముని ఉపజాతిగా, అంటే ఒకే జాతిలో ప్రాంతాన్ని బట్టి వేరుగా కనిపించే రకంగా వర్ణించి 'ఇన్సులారమ్' అని పేరు పెట్టారు. లాటిన్‌లో దీవులకు చెందినది అని అర్థం.

దీన్ని వేరే జాతి అనడం మాత్రం కుదరదు. ప్రధాన భూభాగం నుంచి పాములు ఇప్పటికీ దీవులకి చేరుతుంటాయి, అక్కడివాటితో జతకడతాయి. ఒకే తల్లి కన్న పిల్లల్లో పట్టీలున్నవీ లేనివీ కలిసి కనిపిస్తాయి. ఇంత కలగలుపు ఉన్నచోట జాతి హోదా అడగడం అతి.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే. పేరు అక్కర్లేదనేవాళ్ల వాదన బలమైనది. తేడా ప్రధానంగా రంగులోనే, అదీ సగం సగం. లేత రంగు సున్నపురాయి మీద పట్టీల పిల్ల వేటాడే పక్షులకి ఇట్టే దొరికిపోతుంది, బూడిద రంగుది తప్పించుకుంటుంది. పెద్దయ్యేసరికి పట్టీలవి తగ్గిపోతాయి, బయటినుంచి వచ్చేవి మళ్లీ పట్టీలు తెస్తాయి. 1950ల చివర్లో కమిన్, ఎర్లిక్ అనే పరిశోధకులు చూపించినది ఈ లాగులాటనే. మరి లాగులాటకి పేరెందుకు?

ఈ ప్రశ్న ఆస్ట్రేలియా టైగర్ పాముల విషయంలో నాకు పూర్తిగా నచ్చుతుంది. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగానికీ టాస్మానియాకీ మధ్య ఉన్న బాస్ జలసంధిలోని చాపెల్ దీవి పాములు బాగా పెద్దవి. ఏటా కొన్ని వారాలు మాత్రమే దొరికే సముద్రపక్షుల పిల్లలే వాటికి ముఖ్యమైన ఆహారం. వాటికీ ఒక ఉపజాతి పేరుండేది. తర్వాత జన్యువులు చూస్తే, వేర్వేరు దీవుల్లో పెద్ద శరీరాలు విడివిడిగా పుట్టాయని తేలింది. అన్నిటినీ నోటెకిస్ స్కుటాటస్ అనే ఒక్క జాతిలో కలిపేయడం న్యాయమే అనిపించింది.

ఈరీ దగ్గర మాత్రం నా ఓటు ఉపజాతికే. దీవులు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి, కథ ఒకటే, పెద్ద పాముల్లో చాలావాటిని చూడగానే పోల్చుకోవచ్చు. ఈ నీటిపాము జాతి పేరైన 'నెరోడియా సిపెడాన్' తర్వాత చేర్చిన ఆ మూడో మాట 'ఇన్సులారమ్', బంధం తెగలేదనీ, తేడా ఉందనీ రెండూ ఒకేసారి చెబుతుంది. చట్టం కోసం పేరు కావాలనే మాట నేను వాడను. అంతరించిపోయే జీవుల్ని కాపాడే అమెరికా చట్టం వెన్నెముక ఉన్న జంతువుల విషయంలో వేరే పేరు లేని ప్రత్యేక జనాభానీ కాపాడగలదు. అయినా 1999లో రక్షణ ఇచ్చినప్పుడు ఆ పేరు మీదే ఇచ్చారు, ప్రధాన భూభాగానికి మైలు కన్నా దూరంగా ఉన్న దీవులకీ వాటి చుట్టూ నీళ్లకీ మాత్రమే. సంఖ్య కోలుకున్నాక 2011లో రక్షణ జాబితా నుంచి తీసేశారు.

ఆ మైలు గీత బాగా గీశారనిపిస్తుంది. ఒడ్డుకి దగ్గరలో రెండు రంగులూ కలిసిపోయే పాముల్ని బలవంతంగా ఎటో ఒకవైపు నెట్టలేదు.