మోటారు నమూనాలకు ఏ బ్యాటరీ: లిపోనా, లిథియం ఐరన్ ఫాస్ఫేటా?

పానగల్లు ఉదయ సముద్రంలో చిన్న మోటారు పడవను నడపాలనుకున్నా, మహబూబ్‌నగర్ కళాశాల ప్రదర్శనకు నాలుగు చక్రాల బండిని తయారు చేయాలనుకున్నా, ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఇదే.

లిపో (లిథియం పాలిమర్) సెల్ సగటు వోల్టేజి 3.7, నిండుగా ఉన్నప్పుడు 4.2. తక్కువ బరువులో ఎక్కువ శక్తిని ఇస్తుంది కనుక ఎగిరే నమూనాలకు దీనికి సాటి లేదు. 2200 ఎంఏహెచ్ (2.2 ఆంపియర్-అవర్ల సామర్థ్యం), 25సి (సామర్థ్యానికి 25 రెట్ల కరెంటు) అని రాసి ఉన్న ప్యాక్, లెక్క ప్రకారం 55 ఆంపియర్లు ఇవ్వగలదు. అయితే చవక ప్యాక్‌ల మీది ఆ అంకెను నేను సగానికే నమ్ముతాను. ఫాస్ఫేట్ సెల్ సగటు 3.2, నిండుగా 3.65. బరువెక్కువైనా వేల సార్లు ఛార్జింగును తట్టుకుంటుంది, వేడికి అంత తేలికగా మంటలు అంటుకోవు. నల్గొండ మే నెల ఎండలో మూసిన కారులో లిపోను వదిలేయడం కన్నా ప్రమాదకరమైన పని లేదు.

అసలు చిక్కు మోటారు వేగ నియంత్రిక (ఈఎస్‌సీ)తో వస్తుంది. సెల్‌కు 3.2 వోల్టుల దగ్గర మోటారును ఆపేలా లిపో కోసం అమర్చిన ఈఎస్‌సీకి ఫాస్ఫేట్ ప్యాక్ తగిలిస్తే, ఆ ప్యాక్ ఎక్కువ సేపు ఆ వోల్టేజి దగ్గరే ఉంటుంది కాబట్టి, ఛార్జి సగానికి పైగా మిగిలి ఉండగానే పడవ చెరువు నడుమ నిలిచిపోవచ్చు. మోటారును ఆపే ఈ వోల్టేజిని (కటాఫ్‌ను) సెల్‌కు 2.5 నుంచి 2.8 వోల్టుల మధ్యకు మార్చే వీలున్న ఈఎస్‌సీనే కొనాలి. ఛార్జరులోనూ ఫాస్ఫేట్ రకాన్ని విడిగా ఎంచుకోవాలి.

నేలమీద, నీటిమీద నడిచేవాటికి నా ఓటు ఫాస్ఫేట్‌కే.