తలకోన: జలపాతం కన్నా దారే మిన్న

తలకోన అనగానే అందరూ 270 అడుగుల జలపాతం సంగతే అడుగుతారు. మే నెలలో పోయి, బండకు అంటుకుని జారే సన్నటి ధార చూసి ఉసూరుమంటూ తిరిగొస్తారు. మన తిరుపతి వైపు పెద్దవానలు ఈశాన్య రుతుపవనాలవి. కాబట్టి అక్టోబరు నుంచి జనవరి దాకా మంచి సమయం. అందులోనూ వాన వెలిశాక నాలుగైదు రోజులాగి పోతే నీళ్లు తేటగా ఉంటాయి, మెట్లూ కాస్త ఆరతాయి. వాయుగుండం పట్టినప్పుడు మాత్రం లోపలికి వదలకపోవచ్చు, కనుక్కుని బయల్దేరండి. ఆదివారాలు, కార్తీక సోమవారాలు, శివరాత్రి జనంతో కిక్కిరిసిపోతుంది. అడవి చూడాలనుకునేవాళ్లకు అవి పనికిరావు.

తిరుపతి నుంచి రంగంపేట, భాకరాపేట మీదుగా దాదాపు 60 కిలోమీటర్లు. భాకరాపేట ఘాట్‌లో మలుపులు గట్టివి, చీకటి పడకముందే దిగేసేలా చూసుకోవాలి. తలకోనకు నేరుగా పోయే బస్సులు తక్కువ. పీలేరు బస్సెక్కి భాకరాపేటలో దిగి ఆటో పట్టుకోవచ్చు గానీ, రానూపోనూ కలిపి, అక్కడ ఆగే టైముతో సహా ముందే బేరమాడుకోండి. సాయంత్రం తిరుగు ఆటో దొరకదు, ఫోన్ చేద్దామంటే సిగ్నల్ అంతంతమాత్రం.

అసలు నడక సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర మొదలవుతుంది. జలపాతం రెండు కిలోమీటర్ల లోపే. గబగబా పోతే అరగంట, చూస్తూ పోతే గంటకు పైనే. చూస్తూనే పోవాలి. ఈ కోన శేషాచలం కొండల్లోది, 1989లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో భాగం. వంక పక్కన నీడ దట్టంగా ఉన్నచోట గిల్లతీగ కనిపిస్తుంది. తీగ అంటారు గానీ మొదలు మనిషి తొడంత లావు. చెట్టు నుంచి చెట్టుకు మెలితిరిగి పాకుతుంది. కాయ మూరకు పైనే పొడవు, లోపల ముదురు గోధుమ రంగు గింజలు, గోరు దిగనంత గట్టివి. కొంచెం ఎండ తగిలే వాలుల్లో ఎర్రచందనం. దుంగ నరికితేనే ఎరుపు, పైకి నల్లటి బెరడే. మొసలి వీపులా గళ్లుగళ్లుగా పగిలి ఉంటుంది, దాన్ని బట్టే గుర్తుపట్టాలి. పొద్దున్నే, మాటల్లేకుండా నడిస్తే కొమ్మల్లో బెట్టు ఉడత, అంటే పెద్ద అడవి ఉడత, కనబడే అవకాశముంది. పది దాటాక కోతులే.

కోతుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. చేతిలో కవరు కనబడితే చాలు, లాక్కుంటాయి. తినేవి జిప్పున్న బ్యాగులో పెట్టండి. ప్లాస్టిక్ సీసాలూ కవర్లూ అడవిలో వదలొద్దు.

జలపాతం కింద బండలు గట్టి రాయే. చిక్కంతా వాటిమీది పాచితో. రబ్బరు చెప్పులు అక్కడ పనికిరావు, గాడులున్న బూట్లయితే నయం. ధార సరిగ్గా పడేచోట నిలబడొద్దు, నీళ్లు ఎక్కువగా ఉన్నప్పుడు పైనుంచి రాళ్లూ కొమ్మలూ వస్తాయి. గుండంలో లోతు ఒకచోట మోకాలు, రెండడుగుల అవతల నిలువు. కాబట్టి దూకడాలు వద్దే వద్దు. తేటనీళ్లు ఉన్నట్టుండి ఎర్రబారి, ఆకులు కొట్టుకొస్తున్నాయంటే ఎగువన వాన పడిందని అర్థం. సామాన్లు సర్దుకునే పని పెట్టుకోకుండా గట్టెక్కాలి. కొండపైకి ఎక్కాలనుకుంటే అటవీశాఖ వాళ్లనడిగి స్థానిక గైడుతోనే వెళ్లండి.

చెట్ల మీదుగా కట్టిన 240 మీటర్ల తాళ్ల వంతెన పిల్లలకు సరదా. మరమ్మతులకు మూసిన రోజులూ ఉంటాయి, దానికోసమే రావద్దు.

బసకు పర్యాటక శాఖ హరిత, అటవీశాఖ వనదర్శిని ఉన్నాయి. గది సౌకర్యం చూసుకునేవాళ్లకు మొదటిది, అడవి వాసన కావాలనేవాళ్లకు రెండోది. ఎక్కడైనా రాత్రి ఉంటేనే తెల్లారి నడక దక్కుతుంది. గది తీసుకునే ముందు గీజరు, దోమతెర, కరెంటు పోతే జనరేటరు ఉందా అని అడగండి. భోజనం పొద్దున్నే చెప్పిపెట్టాలి. సంగటి, నాటుకోడి పులుసు అడిగితే చేసిపెట్టేవాళ్లున్నారు గానీ, అప్పటికప్పుడు అడిగితే దొరకదు.

ఇంట్లో మోకాళ్ల నొప్పులవాళ్లుంటే తలకోన కంటే పుత్తూరు దగ్గర నారాయణవనం వైపున్న కైలాసకోన మేలు. జలపాతం చిన్నదే, నడక కొంచెమే, ఎండాకాలంలోనూ నీళ్లుంటాయి. అడవి మాత్రం తలకోనంత ఉండదు.