ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్: చిరునామాను ముందే పసిగట్టే ప్రాసెసర్‌తో రెండున్నరేళ్లు

ఆపిల్ సంస్థ 2022 జులైలో ఎం2 చిప్‌తో కూడిన మ్యాక్‌బుక్ ఎయిర్‌ను మన దేశంలో 1,19,900 రూపాయల ప్రారంభ ధరకు విడుదల చేసింది. దాని తెర గురించి, 1.24 కిలోల బరువు గురించి, ఫ్యాన్ లేకపోవడం వల్ల కలిగే నిశ్శబ్దం గురించి అప్పట్లోనే చాలామంది వివరంగా రాశారు కాబట్టి వాటిని నేను మళ్లీ ప్రస్తావించను. డేటాబేస్ ఇండెక్సుల మీద పనిచేసే ప్రోగ్రామర్‌గా ఈ యంత్రాన్ని రెండున్నరేళ్లు వాడాక, దీనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన అంశం ఒకటుంది. అది ప్రచార పత్రాల్లో ఎక్కడా కనిపించదు. మెమరీలో తర్వాత ఏ చిరునామా కావలసి వస్తుందో లెక్క పూర్తికాకముందే అంచనా వేసి, ఆ అంచనా మీదే పని మొదలుపెట్టగల యంత్రాంగం ఈ ప్రాసెసర్‌లో ఉంది. ఈ సమీక్ష దాని గురించే.

మెమరీ నుంచి విలువను తెచ్చే లోడ్ ఆదేశం ఒకటి పూర్తికావాలంటే ప్రాసెసర్ మూడు పనులు చేయాలి. రిజిస్టర్‌లోని (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వలోని) మూల చిరునామాకు ఆఫ్‌సెట్, అంటే అక్కడి నుంచి ఎంత దూరమో చెప్పే సంఖ్య, కలపాలి. ప్రోగ్రామ్‌కు కనిపించే ఆ వర్చువల్ చిరునామాను, ఇటీవలి మార్పిడులను గుర్తుపెట్టుకునే టీఎల్‌బీ అనే పట్టిక సాయంతో, మెమరీలోని అసలైన భౌతిక చిరునామాగా మార్చాలి. ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ అయిన క్యాష్‌లో ఆ చిరునామా ఉన్న వరుసను వెతికి విలువను రిజిస్టర్‌లోకి తేవాలి. ప్రతి నోడ్ తర్వాతి నోడ్ చిరునామాను తనలో దాచుకునే లింక్డ్ లిస్ట్‌లో నడిచేటప్పుడు ఈ మూడూ ఒక గొలుసుగా మారతాయి, ఎందుకంటే ఈ లోడ్ తెచ్చిన విలువే తర్వాతి లోడ్‌కు మూల చిరునామా అవుతుంది. ప్రాసెసర్ ఒకేసారి వందలాది ఆదేశాలను చేతిలో పెట్టుకోగలిగినా ఈ గొలుసు ముందు చేతులు కట్టుకుని నిలబడవలసిందే. అందుకే చిరునామా లెక్కలో ఒక్క సైకిల్ (ప్రాసెసర్ గడియారపు ఒక్క అడుగు) మిగిలినా మా పనిలో దాని ప్రభావం అడుగడుగునా తెలుస్తుంది.

ఎం2 కన్నా ముందు నేను చాలాకాలం ఇంటెల్ స్కైలేక్ తరానికి చెందిన ల్యాప్‌టాప్ వాడాను. ఈ సమస్యకు ఇంటెల్ ఇంజనీర్లు అంతకుముందు తరమైన శాండీ బ్రిడ్జ్ కాలం నుంచి పాటించిన ఉపాయాన్ని కాస్త దగ్గరగా చూస్తే ఎం2 చేసే పని విలువ బాగా అర్థమవుతుంది. స్కైలేక్‌లో మొదటి స్థాయి డేటా క్యాష్ పరిమాణం 32 కిలోబైట్లు, దానిని ‘వే’ అనే 8 సమాన భాగాలుగా విభజించారు. ఒక్కో వే 4 కిలోబైట్లు, అంటే సరిగ్గా ఒక పేజీ (చిరునామాల మార్పిడి కోసం మెమరీని విభజించే ముక్క). అందువల్ల క్యాష్‌లో ఏ సెట్ (ఏ వరుసల గుంపు) వెతకాలో చెప్పడానికి చిరునామాలోని కింది 12 బిట్లు చాలు. పై బిట్లు టీఎల్‌బీకి మాత్రమే కావాలి. చిన్న ఆఫ్‌సెట్ కలిపినప్పుడు పై బిట్లు మారడం అరుదు కాబట్టి, కూడిక పూర్తయ్యేదాకా ఆగకుండా మూల చిరునామా పై బిట్లనే టీఎల్‌బీకి అందించి, ఫలితం కూడా అదే పేజీలో ఉంటుందని అంచనా వేసేవారు. మూల చిరునామా మరొక లోడ్ నుంచి వచ్చి, ఆఫ్‌సెట్ 0 నుంచి 2047 మధ్య ఉండి, ఇండెక్స్ రిజిస్టర్ లేకపోతే ఈ దారి తెరుచుకుంటుంది. అప్పుడు 5 సైకిళ్ల లోడ్ 4 సైకిళ్లలో ముగుస్తుంది.

ఆ అంచనా ఎక్కడ తప్పుతుందో కాగితం మీద వేసి చూడవచ్చు. ఒక నోడ్ పేజీ ఆరంభం నుంచి 4088వ బైట్ దగ్గర మొదలైందనుకుందాం. దానిలో తర్వాతి నోడ్‌ను చూపే పాయింటర్ 16 బైట్ల అవతల ఉంటే, మొత్తం 4104 అవుతుంది. అంటే పాయింటర్ పక్క పేజీలో 8వ బైట్ దగ్గర ఉంది, టీఎల్‌బీని అడిగింది మాత్రం పాత పేజీ గురించి. అప్పుడు ఆ లోడ్‌ను మొదటి నుంచి మళ్లీ నడిపించాలి. 4 సైకిళ్లలో కావలసిన పనికి రెట్టింపుకు పైగా పడుతుంది. నోడ్లు పేజీ అంచులను దాటకుండా అమర్చుకునే అలవాటు నాకు ఈ లెక్క చూశాకే పట్టుబడింది. 2019లో వచ్చిన ఐస్ లేక్‌తో ఇంటెల్ మొదటి స్థాయి క్యాష్‌ను 48 కిలోబైట్లకు పెంచి, ఈ అడ్డదారిని తీసివేసి, అన్ని లోడ్లకూ 5 సైకిళ్లుగా స్థిరపరిచింది. క్యాష్ పెరగడం చాలామందికి మేలు చేసింది, నిజమే. పాయింటర్ల వెంట నడిచే ప్రోగ్రామ్‌లకు మాత్రం ఆ ఒక్క సైకిల్ లోటుగానే మిగిలింది.

ఈ ఆలోచనకు పాత చరిత్ర ఉంది. లోడ్ చిరునామాల మధ్య దూరాన్ని గుర్తుపెట్టుకుని తర్వాతిదాన్ని ఊహించవచ్చని ఐబీఎంలో ఐక్‌మయర్, వాసిలియాడిస్ 1993లోనే ప్రతిపాదించారు. 1995లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో టాడ్ ఆస్టిన్, డయొనిసియోస్ నెవ్‌మటికాటోస్, గురిందర్ సోహీ కలిసి చిరునామా కూడికనే వేగవంతం చేసే మార్గం చూపారు. కూడికలో కాలమంతా క్యారీ, అంటే పక్క స్థానానికి మోసుకెళ్లే అంకె, ఒక బిట్ నుంచి మరొక బిట్‌కు పాకడంలోనే పోతుంది కనుక, క్యాష్ సెట్‌ను ఎంచుకునే బిట్ల వరకు కూడికకు బదులు ఆర్ ద్వారంతో (రెండు బిట్లలో ఏ ఒక్కటి 1 అయినా 1 ఇచ్చే సర్క్యూట్‌తో) సరిపెట్టి, క్యారీ రాలేదన్న అంచనాతో క్యాష్‌ను ముందే తెరిచి, అసలు కూడిక ఫలితంతో తర్వాత సరిచూసుకోవచ్చని వారు వివరించారు. కంపైలర్, లింకర్ డేటాను తగిన హద్దుల మీద అమర్చితే అంచనా తప్పడం బాగా తగ్గుతుందని కూడా చూపారు. సోహీ మన పిలానీ బిట్స్‌లో చదివినవారు. తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కళాశాలల్లో కంప్యూటర్ ఆర్కిటెక్చర్ బోధించే అధ్యాపకులు ఆ ఆర్ ద్వారం ఉపాయాన్ని ఒక్క పీరియడ్ కేటాయించి చెప్పినా, క్యారీ గురించి విద్యార్థి డిజిటల్ ఎలక్ట్రానిక్స్‌లో నేర్చుకున్నది ఎందుకు పనికివస్తుందో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

ఇక ఎం2 విషయానికి వస్తే, దీనిలోని శక్తిమంతమైన కోర్లకు 128 కిలోబైట్ల మొదటి స్థాయి డేటా క్యాష్ ఉంది. అంత పెద్ద క్యాష్‌ను వేగంగా నడపగలగడానికి ఒక కారణం పేజీ పరిమాణం. టెర్మినల్‌లో అడిగితే పేజీ 16384 బైట్లని చూపుతుంది. ఇంటెల్ యంత్రాలలో మామూలుగా వాడే పేజీకి ఇది నాలుగింతలు. సెట్‌ను ఎంచుకునే బిట్లన్నీ పేజీ లోపలే దొరుకుతాయి కాబట్టి టీఎల్‌బీ కోసం ఆగకుండానే వెతుకులాట మొదలవుతుంది. అయితే దీనికి ముందు తరమైన ఎం1లోనూ ఇదే ఏర్పాటు ఉంది. ఎం2లో కొత్తగా చేరింది లోడ్ చిరునామా అంచనా యంత్రం.

అది పనిచేసే తీరు ఇది. ఒకే లోడ్ ఆదేశం వరుసగా 1000, 1064, 1128 చిరునామాలను అడిగితే, వాటి మధ్య 64 బైట్ల దూరం నిలకడగా ఉందని అది గమనిస్తుంది. తగినంత నమ్మకం కుదిరాక, తర్వాతి చిరునామా ఇంకా తేలకముందే 1192 దగ్గరి విలువను తెచ్చి, ఆ విలువ మీద ఆధారపడిన ఆదేశాలను కూడా ముందుకు నడిపిస్తుంది. అసలు చిరునామా తేలినప్పుడు సరిచూసుకుని, అంచనా తప్పితే అప్పటివరకు చేసిన పనిని రద్దుచేసి మళ్లీ మొదలుపెడుతుంది. దీన్ని ప్రిఫెచర్‌తో పొరబడకూడదు. ప్రిఫెచర్ డేటాను క్యాష్ దాకా తెచ్చి ఆగిపోతుంది, లోడ్ మాత్రం తన చిరునామా కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. ఇక్కడ ఆ ఎదురుచూపే తప్పుతుంది.

దీన్ని స్వయంగా పరీక్షించడానికి 512 పాయింటర్లతో ఒక చిన్న పట్టిక రాసుకున్నాను. ఒక్కోటి 8 బైట్లు కనుక మొత్తం 4 కిలోబైట్లు. అంతా మొదటి స్థాయి క్యాష్‌లోనే ఇమిడిపోతుంది, ప్రిఫెచర్ చేయగల మేలు ఏమీ మిగలదు. మొదటి పద్ధతిలో ప్రతి గడీ తన పక్క గడిని చూపుతుంది. రెండో పద్ధతిలో అవే గడులను కలగాపులగం చేసి కలిపాను. రెండింటిలోనూ ఆదేశాలు అవే, గొలుసు పొడవూ అదే. కాలాన్ని కొలవడంలో కొంత జాగ్రత్త అవసరమైంది: ఈ యంత్రంలో మామూలు ప్రోగ్రామ్‌లకు అందే గడియారం 24 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది, అంటే ఒక్క టిక్ సుమారు 42 నానోసెకన్లు. అంతలో ఈ కోర్ దాదాపు 145 సైకిళ్లు తిరిగేస్తుంది. కాబట్టి గొలుసును లక్షల సార్లు తిప్పి సగటు తీయాలి, ప్రోగ్రామ్ చిన్న కోర్ల మీదికి జారిపోకుండా ప్రాధాన్యాన్ని పెంచి ఉంచాలి. స్కైలేక్‌లో రెండు పద్ధతులకూ ఒకే కాలం పట్టింది. మిత్రుడి ఎం1లోనూ అంతే. ఎం2లో మాత్రం వరుసగా ఉన్న గొలుసు కలగాపులగపు గొలుసు కన్నా స్పష్టంగా ముందు ముగిసింది. ఒకదాని ఫలితం వచ్చేదాకా మరొకటి కదలలేదని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న లోడ్లు ఒకదాన్ని దాటి మరొకటి పరుగెత్తడం తెర మీద అంకెల్లో చూసిన ఆ సాయంత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

రోజువారీ పనిలో దీని వల్ల ఎంత ప్రయోజనం ఉంది? నిజాయితీగా చెప్పాలంటే అది ప్రోగ్రామ్ రాసినవారి చేతిలో ఉంది. ఒకేసారి కట్టిన లింక్డ్ లిస్ట్‌లో నోడ్లు మెమరీలో దాదాపు సమాన దూరంలో పడతాయి, అంచనా చక్కగా కుదురుతుంది. కొన్నాళ్లు చేర్పులు, తీసివేతలు జరిగాక వరుస చెదిరిపోతుంది, ఆ లాభం ఆవిరవుతుంది. హ్యాష్ పట్టికలకు, లోతైన చెట్లలో (ట్రీ డేటా నిర్మాణాల్లో) వెతుకులాటకు దీని నుంచి నేను ఏ మేలూ చూడలేదు. వాటి చిరునామాల మధ్య నిలకడైన దూరమే ఉండదు కదా. మా ఇండెక్సుల ఆకు నోడ్లను విడివిడిగా కాకుండా ఒకే పెద్ద మెమరీ ముక్క నుంచి వరుసగా కేటాయించేలా మార్చి, అప్పుడప్పుడు వాటిని తిరిగి వరుసలో పేర్చే ఏర్పాటు చేశాక, మొదటి నుంచి చివరిదాకా చదివే పనులు హాయిగా సాగాయి. ఆ మార్పు వల్ల మిగతా ప్రాసెసర్లలో క్యాష్, ప్రిఫెచర్ కూడా మెరుగ్గా పనిచేస్తాయి కనుక శ్రమ వృథా కాలేదు.

ఈ యంత్రం కొనదలచినవారు తప్పక తెలుసుకోవలసిన మరో వైపు ఉంది. జార్జియా టెక్, రూర్ విశ్వవిద్యాలయం బోఖుమ్‌లకు చెందిన పరిశోధకులు 2025 జనవరిలో స్లాప్ అనే దాడిని బయటపెట్టారు. లక్ష్యం సరిగ్గా ఈ లోడ్ చిరునామా అంచనా యంత్రమే. వరుస చిరునామాలతో దానికి ముందుగా అలవాటు చేసి, ఆ తర్వాత ప్రోగ్రామ్ ఎప్పుడూ చదవకూడని చోటికి అంచనా వెళ్లేలా చేస్తే, ప్రాసెసర్ కొద్దిసేపు ఆ రహస్య విలువ మీద పని చేస్తుంది. తప్పు తెలిశాక ఫలితాలను రద్దు చేసినా క్యాష్‌లో పడిన జాడ చెరగదు, కాలాన్ని కొలిచి దాన్ని చదవవచ్చు. ఒక వెబ్ పేజీ మరొక పేజీని తెరిచినప్పుడు సఫారీ రెండింటినీ ఒకే ప్రాసెస్‌లో ఉంచడాన్ని వాడుకుని, ఈమెయిల్ పాఠాన్ని సైతం రాబట్టవచ్చని వారు చేసి చూపారు. దీని ప్రభావం ఎం2, ఐఫోన్‌లలో వాడిన ఏ15 చిప్‌ల నుంచి మొదలవుతుంది. ఎం3 తరంలో చిరునామాను కాక ఏకంగా విలువనే ఊహించే యంత్రం మీద ఫ్లాప్ అనే మరో దాడిని కూడా వారే వెల్లడించారు. వినియోగదారులకు తక్షణ ప్రమాదం ఉందని తాము భావించడం లేదని ఆపిల్ చెప్పింది.

నా అభిప్రాయంలో, అంచనా వేయడం అనే ఆలోచనలో తప్పు లేదు. అంచనా మీద నడిచే లోడ్ ఏ హద్దుల్లో ఉండాలో నిర్ణయించేటప్పుడు జాగ్రత్త చాలలేదు. అంచనా వేసిన చిరునామా అదే ప్రాసెస్‌లో చెల్లుబాటు అయితే చాలనుకునే పద్ధతి, ఒకే ప్రాసెస్‌లో పదిమంది అపరిచితుల కోడ్ నడిచే బ్రౌజర్‌కు సరిపోదు. ఇటువంటి యంత్రం ఉందన్న సంగతిని కొన్నవారు పరిశోధకుల శ్రమ వల్ల తెలుసుకోవలసి రావడం కూడా నాకు బాధ కలిగించింది. స్కైలేక్ లోడ్‌కు ఏ షరతుల్లో 4 సైకిళ్లు పడతాయో ఇంటెల్ తన ఆప్టిమైజేషన్ మాన్యువల్‌లోనే ముద్రించింది. ఆ మర్యాద ఇక్కడా దక్కి ఉండవలసింది. నేనైతే బ్యాంకు పనులకు వేరే బ్రౌజర్‌ను కేటాయించి, ఆ సమయంలో మరే పేజీనీ తెరవకుండా, అప్‌డేట్‌లను వచ్చిన రోజే వేసుకుంటున్నాను.

మిగతా విషయాలు క్లుప్తంగా. 256 జీబీ నిల్వ ఉన్న ప్రారంభ మోడల్‌లో ఒకే ఫ్లాష్ చిప్ ఉండటం వల్ల దాని నిల్వ వేగం పెద్ద మోడళ్ల కన్నా తక్కువ, కాబట్టి కంపైల్ పనులు చేసేవారు 512 జీబీ వైపు చూడటం మంచిది. 2024 అక్టోబరు నుంచి కనీస మెమరీని 16 జీబీకి పెంచారు. పాత 8 జీబీ యంత్రం ఎంత తక్కువకు దొరికినా ప్రోగ్రామర్లు తీసుకోవద్దని నా సలహా. ఫ్యాన్ లేదు కనుక గంటల తరబడి సాగే బిల్డ్‌లకు ఇది తగిన యంత్రం కాదు.

ప్రాసెసర్ల లోపలి పనితీరు నేర్చుకోవాలనుకునే విద్యార్థి సెకండ్ హ్యాండ్‌లో ఎం1, ఎం2ల మధ్య తేల్చుకోలేకపోతే, నేను ఎం2నే తీసుకోమంటాను, వీలైతే ఎం1 ఉన్న స్నేహితుడి పక్కన కూర్చోమంటాను. పైన చెప్పిన 512 గడుల పట్టికను సీ భాషలో రాయడానికి ఇరవై వరుసలు చాలు.