పాత ఔట్‌బోర్డ్ ఇంజిన్‌కి స్టాప్ స్విచ్: కంపెనీదా, యూనివర్సల్‌దా, బండి స్విచ్చా? ఏది మేలు?

శ్రీకాకుళం, విజయనగరం తీరంలో భావనపాడు నుంచి చింతపల్లి దాకా మన ఫైబర్ తెప్పలు చాలావరకు ఇసుక ఒడ్డు నుంచే కెరటాల్లోకి దిగుతాయి, మళ్లీ ఇసుకకే ఎక్కుతాయి. కెరటం దాటేటప్పుడు హ్యాండిల్ పట్టినవాడు తూలి నీళ్లలో పడితే తెప్ప వెనక బిగించిన ఔట్‌బోర్డ్ ఇంజిన్ గేరులోనే ఉంటుంది. వదిలేసిన హ్యాండిల్ ఒక పక్కకి తిరిగిపోయి, తెప్ప గుండ్రంగా చుట్టి అతని మీదకే రావచ్చు. అప్పుడు ఫ్యాన్ (ప్రొపెల్లర్) ఆగాలంటే అతని ఒంటికి కట్టిన తాడు క్లిప్పుని లాగాలి, ఆ క్లిప్పు కింది స్టాప్ స్విచ్ పనిచేయాలి. స్విచ్ చచ్చిపోయినా ఇంజిన్ మామూలుగానే నడుస్తుంది. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు.

తాడు లాగి స్టార్ట్ చేసే పాత టూ స్ట్రోక్ ఇంజిన్లలో, అంటే మాగ్నెటో (బ్యాటరీ లేకుండా ఇంజిన్ తిరుగుడుతోనే స్పార్క్ పుట్టేది), సీడీఐ (స్పార్క్ ఇచ్చే ఎలక్ట్రానిక్ పెట్టె ఉన్నది) రకాల్లో, ఈ స్విచ్ స్టాప్ వైరుని ఇంజిన్ బాడీకి కలిపి స్పార్క్ చంపుతుంది. క్లిప్పు ఉంటే రెండు వైర్లూ విడిగా ఉంటాయి, ఊడితే కలుస్తాయి. కాబట్టి వైరు తెగినా, లోపల చిలుము పట్టినా ఇంజిన్ ఆగదు. దీనికి రెండో వైపు కూడా ఉంది. స్విచ్‌లో ఉప్పునీరు చేరి కరెంటు కొంచెం కొంచెంగా బాడీకి పోతుంటే స్టార్టింగ్ మొండికేస్తుంది, మిస్ కొడుతుంది. అనవసరంగా ప్లగ్గులూ సీడీఐలూ మార్చేది ఇక్కడే. ముందు స్టాప్ వైరు కనెక్టర్ విప్పి, ప్లగ్గు బాడీని ఇంజిన్‌కి గట్టిగా ఆనించి, దగ్గర్లో పెట్రోలు లేకుండా చూసి తాడు లాగండి. స్పార్క్ తిరిగి వస్తే దోషం స్విచ్‌ది, లేదా దాని వైరుది.

ఇక ఎంపిక. మీ మోడల్‌కి కంపెనీ స్విచ్ ఇంకా దొరుకుతుంటే అదే మేలు. రంధ్రం సరిపోతుంది, కనెక్టర్ సరిపోతుంది, పాత క్లిప్పు సరిపోతుంది. ధర ఎక్కువ, ఆర్డర్ పెట్టి ఎదురుచూడాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధంలో పెట్టుకుంటే ఆ ఆలస్యం బాధించదు.

దొరకకపోతే యూనివర్సల్ స్విచ్ వేసుకోవచ్చు, కానీ కొనేముందు మల్టీమీటర్‌ని బీప్ (కంటిన్యూటీ) మీద పెట్టి స్విచ్ వైర్లకు ఆనించి చూడాలి. క్లిప్పు పెడితే మీటర్ మోగకూడదు, తీస్తే మోగాలి. కొన్ని దీనికి పూర్తిగా ఉల్టాగా పనిచేస్తాయి. అవి బ్యాటరీ ఇగ్నిషన్ ఇంజిన్ల కోసం చేసినవి, మన పాత ఇంజిన్‌కి పనికిరావు. కొన్నిటికి రెండు జతల వైర్లు ఉంటాయి. మనకి కావలసిన జత వాడి, మిగతా వైర్ల కొనలకు విడివిడిగా టేపు చుట్టండి. రంధ్రం కొలత, ప్లాస్టిక్ మందం ముందే కొలుచుకోండి.

మోటారు సైకిల్ స్విచ్ శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా ఏ స్పేర్ పార్టుల షాపులోనైనా దొరుకుతుంది, చవక. అయినా వద్దు. ఇంజిన్ ఆపడానికి అది చేత్తో నొక్కేదే, మనిషి పడిపోయాక దాన్ని నొక్కేవాడెవడు? ఉప్పుగాలికి లోపల త్వరగా తుప్పు పడుతుంది కూడా. వైర్‌లెస్ రకాలకు కరెంటు కావాలి, బ్యాటరీ లేని ఇంజిన్‌కి ఆ ఆలోచనే అక్కర్లేదు.

బిగించేటప్పుడు వైర్ల రంగు చూసుకోండి. యమహా ఎండ్యూరోల్లో స్టాప్ వైరు తెలుపు, ఎర్త్ నలుపు. మెర్క్యురీల్లో చాలావాటికి స్టాప్ వైరు నలుపు మీద పసుపు గీత. పాత ఇంజిన్లలో ఎవరో వైరు మార్చి ఉండొచ్చు, కాబట్టి రంగుని నమ్మి ఊరుకోక మీటర్‌తో నిర్ధారించుకోండి. స్టాప్ వైరుకి 12 వోల్టుల బ్యాటరీ పొరపాటున కూడా తగలకూడదు, సీడీఐ కాలిపోతుంది. ఎర్త్ రింగు కింద పెయింటు, తుప్పు గీకి మెరిసే లోహం మీద బిగించండి. తగరం పూసిన రాగి వైరు వాడి, అతుకు మీద లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం ఎక్కించండి. ఉత్త టేపు చుడితే ఉప్పునీరు దారి వెతుక్కుంటుంది. హ్యాండిల్ పూర్తిగా రెండు వైపులా తిప్పి, పైకెత్తి, వైరు ఎక్కడా బిగుసుకోవడం లేదని చూడండి.

తర్వాత డ్రమ్ములో నీళ్లు పోసి, ఫ్యాన్ పైనుండే అడ్డ పలక దాటి నీరు వచ్చేలా ఇంజిన్ దించి, న్యూట్రల్‌లో స్టార్ట్ చేయండి. నీళ్లు లేకుండా నడిపితే ఇంజిన్‌ని చల్లబరిచే నీటి పంపు రబ్బరు కాలిపోతుంది. క్లిప్పు లాగగానే ఇంజిన్ ఆగాలి. క్లిప్పు మళ్లీ పెట్టి స్టార్ట్ చేసి, స్టాప్ బటన్ నొక్కినా ఆగాలి. ఆగకపోతే చోక్ మూసి ఆపండి. ఇంధనం గొట్టం పీకితే కార్బొరేటర్‌లో ఉన్నది అయ్యేదాకా నడుస్తూనే ఉంటుంది.

క్లిప్పు ఆకారం కంపెనీకో రకం. రెండో క్లిప్పు తప్పక కొని తెప్పలోనే కట్టి ఉంచండి. హ్యాండిల్ పట్టినవాడు క్లిప్పుతో సహా నీళ్లలో పడితే, మిగిలినవాళ్లు ఇంజిన్ స్టార్ట్ చేసి అతన్ని అందుకోవాలన్నా అది ఉండాల్సిందే.