ముందు స్కూటీనా, నేరుగా గేర్ బండా?

బైక్ నేర్చుకుంటానన్న అమ్మాయికి ఇంట్లో మొదట వినిపించేది "ముందు స్కూటీ నేర్చుకో, తర్వాత చూద్దాం" అనే మాట. సైకిల్ కూడా తొక్కని వాళ్లకైతే సరే, స్కూటీ మీద బ్యాలెన్స్ తొందరగా వస్తుంది. అంతవరకే.

చిక్కంతా ఎడమ చేతితోనే. స్కూటీకి ఎడమ లివర్ వెనక బ్రేకు. గేర్ బండికి అదే క్లచ్, అంటే ఇంజిన్‌ని చక్రం నుంచి విడదీసే లివర్; వెనక బ్రేకేమో కుడి కాలి కింద. స్కూటీకి అలవాటుపడ్డ చెయ్యి, అమీర్‌పేటలో ఆటో అడ్డొస్తే, టెన్షన్‌లో ఎడమ లివరే నొక్కుతుంది. బండి ఆగదు. అందుకే బైకే కావాలనుకుంటే బైక్ మీదే మొదలుపెట్టమంటాను. అదీ 112 కిలోల దాకా ఉండే స్ప్లెండర్ లాంటిది. 195 కిలోల క్లాసిక్ 350 మోజు తర్వాత తీర్చుకోవచ్చు, ఎక్కడికీ పోదు. ఖాళీ మైదానంలో క్లచ్ మెల్లగా వదులుతూ, బండి ఎక్కడ కదులుతుందో చేతికి తెలిసేదాకా అదే పని చేయాలి. జూబ్లీహిల్స్ ఎత్తుల్లో సిగ్నల్ పడితే, కుడి కాలి బ్రేకుతో కలిసి, వెనక్కి జారకుండా కాపాడేది అదే.

గేర్ లేని బండికి తీసుకున్న లైసెన్స్ బైక్‌కి చెల్లదు. గేర్ లైసెన్స్‌తో స్కూటీ కూడా నడపొచ్చు. చున్నీ మాత్రం దేనిమీదైనా బిగించి కట్టుకోవాల్సిందే.