మామయ్యకు కొలనోస్కోపీనా, మల పరీక్షా?

కావలిలో ఉండే మా మామయ్యకు 76 ఏళ్లు. గుండెకు స్టెంట్ వేశారు, రక్తం పలచన చేసే మాత్రలు వాడుతున్నాడు. పేగులో ఏ బాధా లేదు. ముందుజాగ్రత్తగా పేగు క్యాన్సర్ పరీక్ష చేయిద్దామంటే ఇంట్లో అందరికీ టెన్షన్.

కొలనోస్కోపీ అంటే మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పెద్దపేగును చూసే పరీక్ష. అందులో పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న బుడిపె) కనిపిస్తే చాలావరకు అప్పుడే తీసేస్తారు. పేగుకు చిల్లు పడటం, రక్తస్రావం అరుదే. కానీ వయసు, ఆ మాత్రలు, పాలిప్ తీయడం ఆ ప్రమాదాన్ని పెంచుతాయి. పరీక్షకు ముందు పేగు శుభ్రం కావడానికి ఇచ్చే విరేచనాల మందుతో ఒంట్లో నీరు తగ్గి కళ్లు తిరగొచ్చు. మన నెల్లూరు ఎండల్లో పెద్దవాళ్లకు అది చిన్న విషయం కాదు. మాత్రలు సొంతంగా ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు, గుండె డాక్టరును అడగాల్సిందే.

మల పరీక్షకు ఈ భయాలేవీ లేవు. రక్తం జాడ తేలితే మాత్రం కొలనోస్కోపీ తప్పదు.

నేనైతే మామయ్యకు ముందు మల పరీక్షే అంటాను. విరేచనంలో రక్తం పడుతున్నవాళ్లు దానితో ఆగకుండా నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.