కూగర్ తిరిగే చోట క్యాంపింగ్: పాయింట్ రేస్, ఒలింపిక్, వెస్ట్ కోస్ట్ ట్రెయిల్

క్యాంప్‌సైట్‌లో ఫుడ్ లాకర్ ఉందంటే చాలామంది నిశ్చింతగా పడుకుంటారు. తిండి పెట్టి మూసే ఆ పెట్టె ఎలుగుబంటికీ, తిండి ఎత్తుకెళ్లే రకూన్ అనే చిన్న జంతువుకీ అడ్డు. కూగర్‌తో దానికి సంబంధం లేదు. కూగర్ అంటే అమెరికా ఖండాల్లో తిరిగే పెద్ద అడవి పిల్లి. మౌంటెన్ లయన్ అన్నా ప్యూమా అన్నా ఇదే జంతువు, ఇది వచ్చేది మీ నూడుల్స్ కోసం కాదు, జింక కోసం. అందుకే క్యాంపింగ్ పర్మిట్ తీసుకునే ముందు ఆరా తీయాల్సినవి వేరే ఉన్నాయి: సాయంత్రం జింకలు ఎక్కడ మేస్తాయి, టెంటు నుంచి టాయిలెట్‌కి, నీళ్లకి వెళ్లే దారి పక్కన పొదలు ఎంత దట్టం.

ఈ లెక్కన కాలిఫోర్నియా సముద్రతీరంలోని పాయింట్ రేస్ పార్క్ తేలిక. పాలోమరిన్ అనే చోటు నుంచి కోస్ట్ ట్రెయిల్ మీద 5.5 మైళ్లు నడిస్తే వైల్డ్‌క్యాట్ క్యాంప్. పేరు చూసి జంకక్కర్లేదు. సముద్రపు గట్టు మీద గడ్డి మైదానం, నాలుగు వైపులా చూపు సాగుతుంది. లాకర్, టాయిలెట్ ఉన్నాయి, కట్టెల మంట మాత్రం క్యాంపులో వేయనివ్వరు. ఇక్కడ పట్టపగలు కనబడి హడలగొట్టేది సాధారణంగా బాబ్‌క్యాట్, కూగర్ కంటే చాలా చిన్న అడవి పిల్లి. దాని తోక పొట్టి. కూగర్ తోక మొత్తం పొడవులో దాదాపు మూడో వంతు ఉంటుంది. బురదలో అడుగులు దొరికితే ఇంకా మంచిది: కుక్క అడుగులో గోళ్ల గుర్తులు దిగబడతాయి, కూగర్ అడుగులో మామూలుగా ఉండవు, మడమ మెత్త వెనక అంచు మూడు పాయలుగా కనిపిస్తుంది.

వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపిక్ పార్క్ అందంలో దీనికంటే పైమెట్టు, చిన్నపిల్లలున్న కుటుంబానికి మాత్రం రెండోసారి ఆలోచించాల్సిన చోటు. 2023 జులైలో లేక్ ఏంజెలెస్ దగ్గర క్యాంప్ చేసిన 8 ఏళ్ల బిడ్డపై కూగర్ దాడి చేసింది. తల్లి గట్టిగా అరిచేసరికి వదిలేసి పోయింది. 2025 జులైలో హరికేన్ రిడ్జ్ దగ్గర 4 ఏళ్ల బిడ్డపై మరో దాడి. పిల్లలు ముందుకు పరిగెత్తకూడదు, వెనకబడకూడదు, పెద్దల మధ్యలో నడవాలి. పోర్ట్ ఏంజెలెస్‌లోని విల్డర్నెస్ ఇన్ఫర్మేషన్ సెంటర్‌లో బేర్ క్యానిస్టర్ (ఎలుగుబంటి తెరవలేని తిండి డబ్బా) అరువిస్తారు. దానికంటే విలువైనది అక్కడి రేంజర్‌ని ‘ఈ వారం కూగర్ ఎక్కడ కనబడింది?’ అని అడగడం.

కెనడాలో వాంకూవర్ దీవిలోని వెస్ట్ కోస్ట్ ట్రెయిల్ 75 కిలోమీటర్లు. మే 1 నుంచి సెప్టెంబరు 30 వరకే తెరుస్తారు, బయల్దేరే ముందు జాగ్రత్తలు చెప్పే ఓరియెంటేషన్ తప్పనిసరి. కూగర్లకు పేరుమోసిన దీవి ఇది. పోటు గీతకి పైన, అడవి అంచుకి ఎడంగా ఇసుక మీద టెంటు వేయండి. ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే శాటిలైట్ మెసెంజర్ ఉండాల్సిందే.

ఎదురుపడితే ముందు దాని ఉద్దేశం పోల్చుకోవాలి. 2020 అక్టోబరులో యూటాలోని స్లేట్ కెన్యన్‌లో కూనలున్న తల్లి కూగర్ ఒక హైకర్‌ని 6 నిమిషాలు వెంబడించింది. బుసకొడుతూ, ముందు కాళ్లు నేలకేసి కొడుతూ మీదికి ఉరికినట్టు చేసి ఆగిపోయేది. అతను వీపు తిప్పలేదు, పరిగెత్తలేదు, అరుస్తూ వెనక్కి నడిచాడు, చివరికి రాయి విసిరితే వెళ్లిపోయింది. అది వేట కాదు, తరిమేయడం. అక్కడ కావాల్సింది దూరం. చప్పుడు లేకుండా నేలకి కరుచుకుని చూపు తిప్పకుండా చూస్తోందంటే, అది వేట. అప్పుడు చేతులెత్తి పెద్దగా కనబడాలి, గద్దించాలి, చేతికందింది విసరాలి. రాయి కోసం మోకాళ్ల మీద కూర్చోవద్దు, వంగిన మనిషి నాలుగు కాళ్ల జంతువులా కనిపిస్తాడు. పిల్లల్ని ఎత్తుకునేటప్పుడూ అంతే, వీలైనంత తక్కువ వంగాలి, చూపు దాని మీదే ఉండాలి. మీద పడితే మెడ కాచుకుంటూ కళ్ల మీద, ముక్కు మీద కొట్టాలి. చచ్చినట్టు పడుకోవడం ఇక్కడ పనికిరాదు.

ఎలుగుబంటి మీద చల్లే కారపు స్ప్రే, అంటే బేర్ స్ప్రే, కూగర్ మీదా పనిచేస్తుంది, కానీ బ్యాగు అడుగున ఉంటే లేనట్టే. బెల్టుకి ఉండాలి. విమానంలో ఏ బ్యాగులోనూ తీసుకెళ్లనివ్వరు కాబట్టి దిగాక కొనుక్కోండి. కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్క్‌లో అయితే అసలు నిషేధం.

దారి పక్కన ఆకులు, పుల్లలు పోగేసినట్టుండి అందులోంచి జింక గిట్ట బయటికి కనబడితే, కూగర్ దాచుకున్న తిండి అది. మళ్లీ తినడానికి వస్తుంది. ఎంత అలసటగా ఉన్నా ఆ రాత్రి అక్కడ టెంటు వేయకండి. వచ్చిన దారినే వెనక్కి వెళ్లి రేంజర్‌కి చోటు చెప్పండి.